గుండెమందును కొలుచుటలో వచ్చు పొరపాట్లు



నేను తిరువూరు ప్రాంతమున పుట్టి పెరిగినవాడను. నలువది యేండ్లు వైద్యవృత్తిలో గడపితిని. అందులో సగకాలము రక్తపరీక్షలు చేయు ప్రయోగశాలలలోనే గడచినది. ఈ దినము నేను చెప్పబూనినది చూచుటకు చిన్న విషయము. రోగి రక్తములో డిజాక్సిన్ అను గుండెమందు ఎంత యున్నదో తెలుపు పరీక్ష యొకటి కలదు. ఆ పరీక్ష చేసినవారు చీటీమీద ఒక అంకె వేసి యిత్తురు. ఆ అంకె యొక్కొక్కప్పుడు అబద్ధము చెప్పును. ఏల చెప్పునో, ఎవరి విషయమున చెప్పునో విన్నవింతును. నా మేనమామగారి విషయమున అట్టి అంకెను నమ్మి నేనే మోసపోతిని గనుక, ఇది పుస్తకములలో చదివి అప్పగించుచున్న పాఠము మాత్రము కాదు.

ముందు మందు సంగతి. ఇంగ్లండు దేశమున ఫాక్స్‌గ్లవ్ అను మొక్క కలదు. దాని ఊదారంగు పూవులు చిన్న గంటలవలె వ్రేలాడుచుండును. 1775లో విలియం విదరింగ్ అను వైద్యునికి, ష్రాప్‌షైర్ సీమలో ఒక ముసలమ్మ వాపురోగమునకు ఇచ్చుచుండిన మూలికల మందు సంగతి తెలిసినది. అందులో ఇరువది మూలికలకు పైగా నుండెను. వానిలో పనిచేయునది ఫాక్స్‌గ్లవ్ ఒక్కటియే యని యాతడు పసిగట్టి, పదియేండ్లు రోగులకిచ్చి చూచి, 1785లో గ్రంథము ప్రకటించెను. ముసలమ్మ పేరు మాత్రము ఆయన చెప్పలేదు. మన పల్లెలలో మందులెరిగిన ముసలమ్మల పేర్లు మాత్రము ఎవరు వ్రాసి పెట్టిరి? తరువాత 1930లో సిడ్నీ స్మిత్ అను రసాయన శాస్త్రజ్ఞుడు ఆ జాతిలోనిదే యగు మరియొక మొక్క ఆకులనుండి డిజాక్సిన్‌ను వేరుచేసెను.

బాల్యమున కీళ్లజ్వరము తగిలి గుండె కవాటములు చెడినవారికి, గుండె లయ తప్పి పరుగెత్తువారికి, గుండె బలము తగ్గి కాళ్లు వాచినవారికి ఈ మందు నేటికిని ఇచ్చుచున్నారు. మాత్రలో నుండు మందు మిల్లీగ్రాములో నాలుగవ వంతు. నాలుగువేల మాత్రలలోని మందును కూడబెట్టినగాని ఒక గ్రాము కాదు. ఆ కొంచెపు మందు ఒడలెల్ల వ్యాపింపగా, ఒక మిల్లీలీటరు రక్తద్రవములో మిగులునది ఎంత? నానోగ్రామనగా గ్రాములో నూరుకోట్లవ వంతు. గుండె బలము తగ్గినవారి రక్తములో ఈ మందు అర నానోగ్రాము మొదలు 0.9 నానోగ్రాము వరకు నుండుట మంచిదని నేటి వైద్యుల మతము. రెండు దాటినచో విషలక్షణములు కలుగవచ్చును: అన్నము సయింపదు, వాంతులగును, చూచినదెల్ల పసుపుపచ్చగా కనబడును, నాడి మందగించును, గుండె లయ చెడును. మందునకును విషమునకును నడుమ ఇంత యిరుకైన గట్టు కల ఔషధములు తక్కువ. అందుచేతనే రక్తములో దానిని కొలువవలసి వచ్చినది. మన దేశమున చాలమంది వైద్యులు వారమునకు ఐదు దినములే వేసికొని రెండు దినములు మానుమని చెప్పుచు వచ్చిన కారణము గూడ ఈ భయమే.

ఇందులో మూత్రపిండముల పాత్ర యొకటి కలదు. డిజాక్సిన్ ఒడలినుండి ముఖ్యముగా మూత్రము ద్వారా పోవును. మూత్రపిండములు చక్కగా నున్నచో రక్తములోని మందు సగమగుటకు ఒకటిన్నర మొదలు రెండు దినములు పట్టును. అవి పూర్తిగా చెడినచో నాలుగైదు దినములు పట్టును. అనగా మామూలు మోతాదే విషముగా పేరుకొనును. మా ప్రాంతమువారికి ఈ మాట దూరపు మాట కాదు. తిరువూరునకు పొరుగుననున్న ఎ. కొండూరు మండలపు తండాలలో మూత్రపిండముల జబ్బు ఎందరిని పట్టి పీడించుచున్నదో మీరెరుగుదురు. శ్రీకాకుళము జిల్లా ఉద్దానములో వలెనే ఇచ్చటను నీరు తెప్పించుటలు, రక్తశుద్ధి యంత్రములు, పత్రికలలో వార్తలు అన్నియు అయినవి. అట్టి ఇండ్లలో గుండెజబ్బు కూడ నున్న మనిషి యొకడున్నచో, డిజాక్సిన్ అంకె అతనికి ప్రాణముతోడి వ్యవహారము. చిత్రమేమనగా, అబద్ధపు అంకె మిక్కిలిగా వచ్చునదియు అట్టివారికే.

అది యెట్లో తెలియవలెనన్న, కొలత యెట్లు చేయుదురో తెలియవలెను. నూరుకోట్లవ వంతు గ్రామును త్రాసులో తూచుట కుదరదు. న్యూయార్క్ నగరములో బ్రాంక్స్ వెటరన్స్ ఆసుపత్రిలో పనిచేయుచుండిన రొసాలిన్ యాలో అను విదుషీమణియు, సోలమన్ బెర్సన్ అను వైద్యుడును 1959, 1960 సంవత్సరములలో ఇన్సులిన్‌ను కొలుచుటకు ఒక యుపాయము కనిపెట్టిరి. ఒడలిలో పరాయి పదార్థము ప్రవేశించినప్పుడు రక్తము ప్రతిరక్షకములను పుట్టించును గదా! అవి తాము పుట్టుటకు కారణమైన పదార్థమును గుర్తుపట్టి పట్టుకొనును. ఆ గుర్తుపట్టు గుణమునే వారు కొలతకు వినియోగించిరి. బెర్సన్ 1972లో మరణించెను. 1977లో యాలోకు నోబెల్ బహుమానము లభించినది. డిజాక్సిన్ అణువు మిక్కిలి చిన్నదగుటచే దానికి ప్రతిరక్షకములు పుట్టవు. కనుక దానిని పెద్ద మాంసకృత్తుకు అతికించి జంతువులకు సూది వేసి ప్రతిరక్షకములను పుట్టించిరి. 1969లో స్మిత్, బట్లర్, హేబర్ అను ముగ్గురు అమెరికా శాస్త్రజ్ఞులు ఈ విధానమున రోగుల రక్తములో డిజాక్సిన్‌ను కొలిచి చూపిరి.

ఈ కొలత యెట్టిదో మనకు తెలిసిన పశువులశాలలో చెప్పెదను. శాలలో పది గుంజలున్నవి. నొసట తెల్లచుక్క గల యెద్దును మాత్రమే గుంజకు కట్టుమని పాలేరుతో చెప్పితిమి. మన యెద్దులు పది కలవు. అన్నిటికిని నొసట చుక్కయు మెడలో గంటయు నున్నవి. రోగి యెద్దులెన్నియో మనకు తెలియదు; వానికి చుక్క కలదు గాని గంట లేదు. రెండు మందలను కలిపి శాలలోనికి విడిచితిమి. దొరికిన దానిని దొరికినట్లు పాలేరు పది గుంజలకును కట్టివేసెను. కట్టువడని వానిని బయటికి తోలి, చీకటిలో నిలిచి గంటల చప్పుడు లెక్కించితిమి. గంటలెక్కువ వినబడినచో రోగి యెద్దులు తక్కువ. గంటలు తక్కువైనచో రోగి యెద్దులు ఎక్కువ. ఇదియే కొలత. గుంజలు ప్రతిరక్షకములు, గంటల యెద్దులు పరీక్షశాలవారు కలిపిన గుర్తుగల మందు, గంటలేనివి రోగి రక్తములోని మందు. ఒక్క సంగతి గమనింపుడు: మనము రోగి యెద్దులను లెక్కింపలేదు, గంటలను మాత్రమే లెక్కించితిమి.

ఇప్పుడు పొరుగువాని యెద్దు ఒకటి దారితప్పి శాలలోనికి వచ్చినదనుకొనుడు. దాని నొసట చుక్క లేదు, చుక్కవంటి సుడి కలదు. పాలేరు దానిని గుంజకు కట్టివేసెను. ఒక గంట తగ్గినది. రోగికి ఎద్దు ఒకటి హెచ్చినదని మనము చీటీ వ్రాసితిమి. పాలేరు దొంగ కాడు, లెక్క తప్పు కాదు, యంత్రము చెడలేదు. అయినను చీటీ అబద్ధము. ఇట్లు ఒకదానికి బదులు దానిని పోలిన మరియొకటి పట్టుబడుటయే ఈ పరీక్షలకు పుట్టుకతో వచ్చిన దోషము.

ఆ దారితప్పిన యెద్దులు ఎవరివి? కొన్ని మన యొడలిలోనివే. 1983లో అమెరికా శాస్త్రజ్ఞులు, డిజాక్సిన్ మాత్ర ఎన్నడును మ్రింగని మూత్రపిండరోగుల రక్తమును పరీక్షింపగా, అందులో డిజాక్సిన్ ఉన్నట్లు అంకె వచ్చినది. అప్పుడే పుట్టిన శిశువుల రక్తములోను, గర్భిణుల రక్తములోను, కాలేయము చెడినవారి రక్తములోను గూడ అట్లే కనబడినది. డిజాక్సిన్‌ను పోలిన పదార్థములు మానవశరీరమే పుట్టించుకొనుచున్నదన్నమాట. మూత్రపిండములు పాడైనవారిలో నిజమైన మందు పేరుకొనుటయు కలదు, లేని మందు ఉన్నట్లు కనబడుటయు కలదు. రెండును ఒకే చీటీమీద ఒకే అంకెగా వచ్చును.

మా మామయ్య కథ ఇదియే. జరిగి పాతికేండ్లకు పైనైనది. ఆయన పొలము పనులు తానే చూచుకొను మనిషి. చిన్ననాటి కీళ్లజ్వరము వలన గుండె కవాటము ఇరుకై, లయ తప్పి, చాల యేండ్లుగా డిజాక్సిన్ వాడుచుండెను. మధుమేహము వలన మూత్రపిండములును దెబ్బతినెను. ఒకసారి రక్తము పరీక్షింపగా 2.3 అని చీటీ వచ్చినది. అత్తయ్య గాబరాపడి నాకు టెలిఫోను చేసినది. నేను అంకె వింటిని. రెండు దాటినదని చెప్పి, మాత్ర వెంటనే మానుమంటిని. మామయ్య టెలిఫోను తీసికొని, "నాకు ఒంట్లో బాగానే ఉంది గదరా అబ్బాయీ, అన్నం కూడా బాగానే తింటున్నాను" అనెను. "అంకె చెప్పుచున్నది గదా, మామయ్యా" అంటిని.

మూడవ వారమున ఒక రాత్రి ఆయన గుండె నిమిషమునకు నూటనలుబది సార్లు కొట్టుకొనసాగినది. పడుకొన్నచో ఊపిరి యాడలేదు. తెల్లవారులోగా ఆసుపత్రిలో చేర్చితిమి. అచ్చటి పెద్దవైద్యుడు నన్ను పిలిచి మూడు ప్రశ్నలు వేసెను: మాత్ర మాన్పునాటికి వాంతులుండెనా? నాడి ఎంత? గుండె విద్యుత్పటము తీయించితిరా? నేనొక్కదానికిని జవాబు చెప్పలేకపోతిని. పరీక్షలు చేయుట నా వృత్తియైయుండియు, పరీక్షింపబడిన మనిషిని నేను చూడలేదు. ఆయన మరల రక్తము తీయించి, మొదట చేసిన పద్ధతిలోనే పరీక్షింపజేసెను. మాత్ర మాని ఇరువది దినములైనది. మూత్రపిండములు ఎంత మందగించినను ఆ మందులో పదియవ వంతైనను మిగిలియుండరాదు. అయినను చీటీమీద 1.2 అని వచ్చినది. అది మందు కాదు, ఆయన యొడలిలోని దారితప్పిన యెద్దులు. మొదటి 2.3లో సగమునకు పైగా అవియే. మిగిలిన మందు 1.1, ఆయన గుండె పరుగును అదుపులో నుంచినది అదియే. దానిని మాన్పినవాడను నేను.

మోతాదు తగ్గించి మాత్ర మరల మొదలుపెట్టిరి. మామయ్య ఆ తరువాత తొమ్మిదేండ్లు జీవించెను. నన్నెన్నడును ఒక్క మాటయు ననలేదు. అత్తయ్య మాత్రము అనినది.

ఇట్టి సందేహము కలిగినప్పుడు చేయదగినవి కొన్ని కలవు. శరీరము పుట్టించు ఆ పదార్థములు రక్తములోని మాంసకృత్తులను గట్టిగా పట్టుకొనియుండును. డిజాక్సిన్ చాలభాగము విడిగా తిరుగును. కనుక రక్తద్రవమును మిక్కిలి సన్నని జల్లెడవంటి పొరగుండ వడగట్టి, దిగిన నీటిని పరీక్షించినచో చాలవరకు నిజము తెలియును. వేరొక కంపెనీవారి పద్ధతిలో పరీక్షించుట యింకొక యుపాయము. అందరి గుంజలు ఒకే యెద్దుచేత మోసపోవు. ప్రతిరక్షకములతో పని లేక, అణువులను విడదీసి వాని బరువును బట్టి గుర్తించు యంత్రములును పెద్ద నగరములలో కలవు. నేటి పరీక్షలలో వాడు ప్రతిరక్షకములు వెనుకటివానికంటె నిశితమైనవి గనుక, మా మామయ్యకు వచ్చినంత తప్పు నేడు రాకపోవచ్చును. దోషము తగ్గినది గాని పోలేదు.

ఇక బయటినుండి వచ్చు యెద్దులు. మన దొడ్ల వెంబడి, గుడుల ముంగిట పచ్చగన్నేరు లేని ఊరు కలదా? అది దక్షిణ అమెరికా ప్రాంతములనుండి వచ్చిన చెట్టు. దాని గింజలలో డిజాక్సిన్‌కు దాయాదులనదగిన విషములున్నవి. ఎర్రగన్నేరులోను కలవు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తునందు రంగస్వామి, వెంకటరావు గారలు 1950 దశకము చివర పచ్చగన్నేరు గింజలలోని ద్రవ్యములను శోధించి ప్రకటించిరి. వానిలో పెరువోసైడ్ అనుదానిని తరువాత గుండెమందుగా గూడ ఇచ్చి చూచిరి. బిడ్డలు తెలియక ఈ కాయలు కొరుకుటయు, మనసు చెడినవారు మ్రింగుటయు మన జిల్లాలలో జరుగుచునే యున్నది. అట్టివారి రక్తమును డిజాక్సిన్ పరీక్షకు పంపినచో, ఆ విషము కొంతవరకు గుంజలకు కట్టువడి ఏదో యొక అంకె వచ్చును. గన్నేరు తిన్నమాట నిజమేయనుటకు అది సాక్ష్యము కాగలదు. కాని ఎంత తిన్నదియు, ఎంత ప్రమాదమున్నదియు ఆ అంకె చెప్పలేదు. ఏలననగా గన్నేరు విషములో ఏ భాగము ఎంత పట్టుబడునో పద్ధతికొక తీరుగా నుండును. అంకె చిన్నదని ఇంటికి పంపుట తగదు. గుండె విద్యుత్పటమును, రక్తములోని పొటాసియమును చూచి వైద్యులు నిర్ణయించుకొందురు. పల్లెలో మనము చేయవలసినది, ఉప్పునీళ్లు త్రాగించి వాంతి కొరకు కూర్చుండక, బండి కట్టించి పెద్దాసుపత్రికి చేర్చుట.

ఇచ్చట ఒక వింత కలదు. పరీక్షలో మనలను మోసగించిన ఆ పోలికయే చికిత్సలో మనకు తోడ్పడినది. డిజాక్సిన్ విషమునకు విరుగుడుగా గొఱ్ఱెలలో పుట్టించిన ప్రతిరక్షకముల ముక్కలను 1976 నాటికే అమెరికాలో మనుష్యులకిచ్చి ప్రాణము నిలిపిరి. శ్రీలంకలో పచ్చగన్నేరు విషమునకు లోనైనవారు వేలకొలదిగా నుండుటచే, అచ్చటి వైద్యులు ఆ విరుగుడునే గన్నేరు రోగులకిచ్చి చూచిరి. 2000లో ప్రకటించిన వారి పరిశోధన ప్రకారము అది చక్కగా పనిచేసినది. డిజాక్సిన్ కొరకు పాతిన గుంజ గన్నేరును గూడ కట్టివేసినదన్నమాట. వెల మాత్రము మిక్కిలి యెక్కువ. పేదదేశముల ఆసుపత్రులకు అది సులభముగా అందునది కాదు.

చీనావారు చాన్‌సు అను మందులో కప్పచర్మపు విషమును వాడుదురు. 1993, 1995 సంవత్సరముల నడుమ న్యూయార్క్ నగరములో కొందరు పైపూతకని అమ్మిన అట్టి పదార్థమును మ్రింగి మరణించిరి. డిజాక్సిన్ మొగమెరుగని వారి రక్తములో డిజాక్సిన్ ఉన్నట్లు పరీక్ష చెప్పినది. మన అశ్వగంధ గూడ ఒక పాత పద్ధతిలో అంకెను కొంచెము మార్చినట్లు 2007లో ప్రకటించిరి. మార్పు స్వల్పము, ఇతర పద్ధతులలో లేదు. కనుక అశ్వగంధను నిందింప పనిలేదు. కాని సంతలలో పొట్లములు కట్టి అమ్ము పేరులేని చూర్ణములలో నేమున్నదో అమ్మువానికే తెలియదు.

ఇంతవరకు చెప్పినవన్నియు అంకెను పెంచునవి. తగ్గించునవి ఇంకను అపాయకరములు. గుండెజబ్బులో డిజాక్సిన్‌తోపాటు నీరు తీయుటకు స్పైరోనోలాక్టోన్ అను మాత్రను తరచుగా ఇత్తురు; ఆల్డాక్టోన్ అను పేర మీలో కొందరెరుగుదురు. ఒకానొక పద్ధతిలో ఈ మాత్ర డిజాక్సిన్ అంకెను తగ్గించి చూపినది. శాలలోనికి పొరుగుయెద్దు ముందుగా దూరి గుంజలనాక్రమించినది; రోగి యెద్దుకు చోటు దొరకలేదు. తరువాత శాలను కడుగునప్పుడు, మెడత్రాడు వదులైన ఆ యెద్దు జారిపోయినది. ఖాళీయైన గుంజలకు గంటలయెద్దులు వచ్చి చేరినవి. గంటలెక్కువ వినబడగా, రోగికి మందు చాలలేదని చీటీ వ్రాసిరి. 1999లో జర్మనీ వైద్యులు లాన్సెట్ పత్రికలో ప్రకటించిన రోగికి ఇట్లే జరిగినది: అంకె తక్కువగా నున్నదని మోతాదు పెంచగా, పెంచగా విషమెక్కినది. మా మామయ్యకు మందు మానుటవలన ముప్పు కలుగగా, ఆ రోగికి మందు పెరుగుటవలన కలిగినది.

మీ ఇండ్లలోని ఆడపడుచులు వెండ్రుకలు రాలకుండుటకు బయోటిన్ బిళ్లలు మ్రింగుచుందురు. హెచ్చు మోతాదు బయోటిన్, కొన్ని యంత్రములలో గుండెపోటు పరీక్షను గూడ తప్పుదారి పట్టించునని అమెరికా ప్రభుత్వపు ఔషధ శాఖ 2017లో హెచ్చరించినది. నిజముగా గుండెపోటు వచ్చినను అంకె తక్కువగా కనబడునట. వెండ్రుకల బిళ్లను మందని ఎవరును అనుకొనరు గనుక, వైద్యుడడిగినను చెప్పరు.

తప్పంతయు పరీక్షదే యనుటయు న్యాయము కాదు. మాత్ర మ్రింగిన గంటకే రక్తమిచ్చినచో ఎంత మంచి యంత్రమైనను పెద్ద అంకెనే చూపును. మందు అప్పటికింకను రక్తమునుండి కండరములకు చేరలేదు. కనీసము ఆరు గంటలు గడువవలెను. ఆనాడు ఉదయపు మాత్ర వేసికొనక, రక్తమిచ్చిన తరువాత వేసికొనుట సులభమైన పద్ధతి. మా మామయ్య ఆసుపత్రినుండి వచ్చిన పిమ్మట ఒక అలవాటు చేసికొనెను. రక్తమీయబోవు ప్రతిసారియు, చివరి మాత్ర ఎన్ని గంటలకు వేసికొనినదియు, ఆ వారములో మ్రింగిన తక్కిన మాత్రలును, చూర్ణములును, కషాయములును, చివరకు అత్తయ్య నూరియిచ్చిన శొంఠియు, అన్నియు ఒక కాగితముమీద వ్రాసి పరీక్షశాలలోని పిల్లవాని చేతికిచ్చెడివాడు. ఆ కాగితముల నకళ్లు పంచాంగముల నడుమ పెట్టియుంచెను. ఇప్పుడవి నాయొద్ద నున్నవి.